నరం ఎంత లావుంటే నార్మల్? స్కాన్ రిపోర్టులో కనిపించే ఆ ఒక్క నంబర్ వెనుక అసలు కథ ఇదీ..

అర్ధరాత్రి చేతివేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. లేచి చెయ్యి గట్టిగా విదిలిస్తే కాసేపటికి సర్దుకుంటుంది. పొద్దున్నే కుట్టు మిషన్ ముందు కూర్చున్నా, కూరగాయలు తరుగుతున్నా బొటనవేలు, చూపుడు వేలు మొద్దుబారినట్టు ఉంటాయి. ఇలాంటి బాధతో డాక్టర్ దగ్గరికి వెళ్లిన ఒక మహిళకు మణికట్టు దగ్గర అల్ట్రాసౌండ్ స్కానింగ్ తీశారనుకుందాం. రిపోర్టులో ఒక్క లైన్.. 'మీడియన్ నరం వైశాల్యం 11 చదరపు మిల్లీమీటర్లు'. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే ఒకచోట 10 దాటితే జబ్బే అని ఉంటుంది. ఇంకోచోట 12 వరకు ఫర్వాలేదని ఉంటుంది. ఇంతకీ ఆమె చేతికి ఆపరేషన్ కావాలా, వద్దా?

ఈ ప్రశ్నకు సమాధానం జబ్బుపడ్డ నరంలో దొరకదు. ఏ బాధా లేని మనిషి నరం ఎంత లావుంటుందో ముందు తెలియాలి. అది తెలియకపోతే 11 అనే అంకెకు అర్థమే లేదు. అందుకే ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పిలిచి, పడుకోబెట్టి, వాళ్ల చేతులు, కాళ్ల నరాలను స్కానింగ్‌తో కొలుస్తూ వచ్చారు. వినడానికి చిన్న పనిలా అనిపిస్తుంది కానీ, ఎవరికి కత్తి పెట్టాలి, ఎవరికి పెట్టకూడదు అన్నది చివరికి ఈ కొలతల మీదే ఆధారపడుతోంది.

నరం అంటే ఏది?

ముందు ఒక చిన్న గందరగోళం తీర్చుకోవాలి. మన వాడుకలో 'నరం' అనే మాట చాలా పనులు చేస్తుంది. చేతి మీద ఉబ్బి పచ్చగా కనిపించేదీ నరమే అంటాం. సెలైన్ ఎక్కించేటప్పుడు 'నరం దొరకలేదు' అంటాం. పిక్క పట్టేస్తే 'నరం పట్టేసింది' అంటాం. కానీ పచ్చగా కనిపించేది రక్తనాళం. పిక్కలో పట్టేసేది కండరం. ఇక్కడ చెప్పుకుంటున్నది మెదడు, వెన్నుపాము నుంచి చేతులకు, కాళ్లకు కబుర్లు మోసుకెళ్లి, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి తెచ్చే అసలు నరం గురించి. మోచేయి లోపలి వైపు గోడకు తగిలితే చిటికెన వేలు దాకా కరెంట్ షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది చూడండి.. అదీ నరం అంటే. దాని పేరు అల్నార్ నరం. మణికట్టు మధ్యలోంచి అరచేతిలోకి వెళ్లేది మీడియన్ నరం. చీలమండ లోపలి వైపు నుంచి అరికాలికి వెళ్లేది టిబియల్ నరం.

ఈ నరాలు బయటికి కనిపించవు. ఎక్స్‌రేలో పడవు. ఎంఆర్ఐలో కనిపిస్తాయి కానీ ఖర్చూ ఎక్కువే, టైమూ ఎక్కువే. అల్ట్రాసౌండ్‌లో మాత్రం చర్మానికి దగ్గరగా ఉన్న నరాలు చాలా స్పష్టంగా కనిపిస్తాయి. రేడియేషన్ ఉండదు, సూది ఉండదు. 1988లో బ్రూనో ఫోర్నేజ్ అనే రేడియాలజిస్ట్ చేతులు, కాళ్ల నరాలు అల్ట్రాసౌండ్‌లో ఎలా కనిపిస్తాయో వివరిస్తూ ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటి మెషిన్లతో పోలిస్తే ఇప్పటి ప్రోబ్‌లు ఎన్నో రెట్లు మెరుగు. నరాల స్కానింగ్‌కు ఇప్పుడు 12 నుంచి 18 మెగాహెర్ట్జ్, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న ప్రోబ్‌లు వాడుతున్నారు. కడుపు స్కానింగ్‌కు వాడే ప్రోబ్ ఇందుకు పనికిరాదు. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ బొమ్మ సన్నని వివరాలతో వస్తుంది, కానీ లోతుగా చూడలేదు. మణికట్టు దగ్గర నరం చర్మం కిందే ఉంటుంది కాబట్టి సరిపోతుంది. తొడ వెనకాల లోతుగా ఉండే సయాటిక్ నరం దగ్గరికి వచ్చేసరికి అదే ప్రోబ్ తంటాలు పడుతుంది.

స్క్రీన్ మీద ఏం కనిపిస్తుంది?

మణికట్టు మీద జెల్ రాసి ప్రోబ్‌ను అడ్డంగా పెడితే స్క్రీన్ మీద చెయ్యిని అడ్డంగా కోసి చూసినట్టు ఉంటుంది. అందులో నరం ఒక చిన్న తేనెపట్టు ముక్కలా కనిపిస్తుంది. నల్లటి చుక్కలు నరం లోపలి పోగుల కట్టలు. వాటి మధ్య తెల్లటి గీతలు ఆ కట్టలను పట్టి ఉంచే పొరలు. మొత్తం చుట్టూ ఒక తెల్లటి అంచు.

పక్కనే వేళ్లను వంచే స్నాయువులు ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు వీటినే నరం అనుకుని పొరబడతారు. తేడా పట్టుకోవడానికి ఒక కిటుకు ఉంది. ప్రోబ్‌ను కాస్త వంచితే స్నాయువు తెల్లగా ఉన్నదల్లా టక్కున నల్లబడిపోతుంది. నరం అంతగా మారదు. వేళ్లు ఆడించమంటే స్నాయువులు జోరుగా జారతాయి, నరం నెమ్మదిగా కదులుతుంది. ఇంకా అనుమానం ఉంటే ప్రోబ్‌ను మోచేయి వైపు జరుపుతూ పోవాలి. లిఫ్ట్ పైకీ కిందికీ తిరిగినట్టు ప్రోబ్‌ను అలా జరిపితే స్నాయువు కాసేపటికి కండరంలో కలిసిపోతుంది. నరం మాత్రం తన రూపంతోనే కొనసాగుతుంది. రక్తనాళమేమో అన్న డౌట్ వస్తే డాప్లర్ ఆన్ చేస్తే చాలు, రక్తం పారుతుంటే రంగు కనిపిస్తుంది.

ఇక కొలత. బొమ్మను ఫ్రీజ్ చేసి, తెల్లటి అంచుకు లోపలి వైపుగా నరం చుట్టూ ఒక గీత గీస్తారు. ఆ గీత లోపల ఎంత జాగా ఉందో మెషినే లెక్కగట్టి చదరపు మిల్లీమీటర్లలో చెబుతుంది. దీన్నే అడ్డుకోత వైశాల్యం అంటారు. డాక్టర్ల భాషలో సీఎస్ఏ.

అంతా ఈ గీతలోనే ఉంది. తెల్లటి అంచును కూడా కలుపుకుని బయటి నుంచి గీస్తే 9 ఉన్న నరం 11, 12 అయి కూర్చుంటుంది. ప్రోబ్ నిటారుగా కాకుండా ఏటవాలుగా పెడితే నరం సాగినట్టు కనిపించి వైశాల్యం పెరుగుతుంది. ములక్కాడను అడ్డంగా తరిగితే గుండ్రటి ముక్క వస్తుంది, ఏటవాలుగా తరిగితే కోలగా పెద్ద ముక్క వస్తుంది. ఇదీ అంతే. ప్రోబ్‌ను గట్టిగా నొక్కితే నరం ఆకారం మారుతుంది. ఇద్దరు అనుభవం ఉన్న డాక్టర్లు అదే నరాన్ని కొలిచినా ఒక చదరపు మిల్లీమీటర్ అటూ ఇటూ రావడం మామూలే. అసలు నరం సైజే పది ఉన్నచోట ఒకటి తేడా అంటే పది శాతం!

మరి నార్మల్ ఎంత?

2008లో అమెరికాకు చెందిన మైఖేల్ కార్ట్‌రైట్ బృందం 60 మంది ఆరోగ్యవంతుల నరాలను చాలా చోట్ల కొలిచి 'మజిల్ అండ్ నెర్వ్' అనే జర్నల్‌లో ప్రచురించింది. మణికట్టు దగ్గర మీడియన్ నరం సగటున 10 చదరపు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా వచ్చింది. వేరే దేశాల్లో, వేరే ల్యాబుల్లో చేసిన కొలతల్లో ఇదే నరం 7, 8 దగ్గర కూడా వచ్చింది. మోచేయి దగ్గర అల్నార్ నరం సుమారుగా 6 నుంచి 8 మధ్య ఉంటుంది. చీలమండ దగ్గర టిబియల్ నరం ఇంకా పెద్దది, 12, 13 దాటినా ఆశ్చర్యం లేదు. తొడలో సయాటిక్ నరం 50 చదరపు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది.

ఈ అంకెలు కంటికి ఆనాలంటే ఒంటింట్లోకి వెళ్లాలి. 10 చదరపు మిల్లీమీటర్లు అంటే మూడున్నర మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న చిన్న గుండ్రం. దాదాపు ఒక ధనియపు గింజ అంత. 50 అంటే పెన్సిల్ కంటే కొంచెం లావు. ధనియపు గింజ అంత ఉన్న దాంట్లో గీత మందం తేడాతో జబ్బు ఉందో లేదో తేల్చాలి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఒకే నరం ఒళ్లంతా ఒకే లావు ఉండదు. అల్నార్ నరం ముంజేతిలో సన్నగా ఉండి, మోచేయి దగ్గరికి వచ్చేసరికి ఎవరికైనా కాస్త లావవుతుంది. అది జబ్బు కాదు, దాని తీరే అంత. కాబట్టి రిపోర్టులో 'అల్నార్ నరం 8' అని రాసి ఎక్కడ కొలిచారో రాయకపోతే ఆ అంకె సగం సమాచారమే.

మనిషిని బట్టీ మారుతుంది. సగటున మగవాళ్ల నరాలు ఆడవాళ్ల కంటే కాస్త లావు. పొడవు, బరువు ఎక్కువ ఉన్నవాళ్లలో పెద్దగా ఉండే ధోరణి ఉంది. పిల్లల్లో చిన్నవిగా ఉండి వయసుతో పెరుగుతాయి. అందుకే ఆరడుగుల మనుషుల నుంచి తీసిన లెక్కను తెచ్చి మన దగ్గర అయిదడుగుల మనిషికి పెడితే తప్పు జరిగే ఛాన్స్ ఉంది. ఆమె నరం నిజంగానే వాచి ఉన్నా, ఆ లెక్క ప్రకారం 'నార్మల్' అని వచ్చేయొచ్చు. ప్రతి ల్యాబ్ తన మెషిన్‌తో, తన ప్రాంతపు ఆరోగ్యవంతులను కొలిచి సొంత లెక్క పెట్టుకోవడం మేలని నిపుణులు చెప్పేది ఇందుకే. ఆచరణలో ఎంతమంది చేస్తారంటే.. ఆ ఓపిక అందరికీ ఉండదు.

కొందరికి మణికట్టు దగ్గర మీడియన్ నరం పుట్టుకతోనే రెండుగా చీలి ఉంటుంది. ఇదేమీ అరుదు కాదు, పదిమందిలో ఒకరిద్దరికి ఉంటుంది. అప్పుడు రెండు ముక్కలనూ విడిగా కొలిచి కలపాలి. ఒక్కదాన్నే కొలిస్తే లెక్క తక్కువ వస్తుంది.

గీత దాటితే జబ్బేనా?

నార్మల్ హద్దును సాధారణంగా ఎలా గీస్తారంటే.. ఆరోగ్యవంతుల సగటు తీసుకుని, దానికి రెండు ప్రామాణిక విచలనాలు కలుపుతారు. లెక్కల భాష పక్కన పెడితే దీని అర్థం, ఏ జబ్బూ లేని వంద మందిని కొలిచినా ఇద్దరు ముగ్గురు ఆ గీత దాటే ఉంటారు. అది హద్దు గీసిన పద్ధతిలోనే ఉంది. పైగా ఒకే మనిషికి పది చోట్ల కొలిస్తే ఎక్కడో ఒకచోట గీత దాటే అవకాశం ఇంకా పెరుగుతుంది. మొదట్లో చెప్పుకున్న మహిళ విషయంలో 11 అన్న అంకె చూసి నేరుగా ఆపరేషన్ థియేటర్‌కు పంపడం సరికాదన్నది ఇందుకే.

అంకెల గొడవ నుంచి బయటపడటానికి ఒక తెలివైన దారి కూడా ఉంది. 2008లోనే అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వైద్యులు ఒక పద్ధతి ముందుకు తెచ్చారు. మీడియన్ నరాన్ని మణికట్టు దగ్గర ఒకసారి, దానికి 12 సెంటీమీటర్ల పైన ముంజేతిలో ఇంకోసారి కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది ఒకటికి దగ్గరగా వస్తుంది. మణికట్టు దగ్గర నరం నలిగి వాచిపోతే 1.4, అంతకంటే ఎక్కువ వస్తుంది. ఇక్కడ మనిషి పొడుగా పొట్టా అన్న గొడవే లేదు. తన నరానికి తన నరమే కొలబద్ద.

ఆ మహిళకు మణికట్టు దగ్గర 11, ముంజేతిలో 10 ఉంటే నిష్పత్తి 1.1. అంటే ఆమె నరం మొదటి నుంచీ కాస్త లావు రకమేమో అనుకోవచ్చు, వేళ్ల తిమ్మిరికి మెడలోనో, షుగర్‌లోనో, థైరాయిడ్‌లోనో ఇంకో కారణం వెతకాలి. అదే మణికట్టు దగ్గర 11, ముంజేతిలో 6 అయితే నిష్పత్తి 1.8 దాటుతుంది. అప్పుడు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనుమానం బలపడుతుంది. అదే 11, రెండు వేర్వేరు అర్థాలు.

నరం నలిగితే సన్నబడాలి కదా, లావెందుకవుతుంది అన్న ప్రశ్న రావచ్చు. నలిగిన చోట అది నిజంగానే చప్పిడి అవుతుంది. కానీ దానికి కాస్త ఎగువన వాపు చేరుతుంది. కాలవకు అడ్డంగా తూము మూసుకుపోతే పైన నీళ్లు నిలిచినట్టు. అందుకే ఆ సొరంగంలోకి నరం దిగే చోటే కొలుస్తారు.

హైదరాబాద్‌లో తేలిన సంగతి

మన దగ్గర ఈ కొలతలకు కార్పల్ టన్నెల్ కంటే పెద్ద అవసరం ఇంకొకటి ఉంది. కుష్ఠు వ్యాధి. దేశస్థాయిలో పది వేల మందికి ఒకటి కంటే తక్కువ కేసులు అనే లక్ష్యాన్ని భారత్ 2005 చివరికి చేరుకుంది. దాంతో జబ్బు పోయిందని చాలామంది అనుకున్నారు. కానీ ఇప్పటికీ ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనే ఉంటున్నాయి.

కుష్ఠు క్రిమి నరాల్లో కాపురం పెడుతుంది. వేళ్లు కొంకర్లు పోవడం, పాదం వేలాడిపోవడం, నిప్పు తగిలినా తెలియకపోవడం.. ఇవన్నీ చర్మం వల్ల కాదు, నరం దెబ్బతినడం వల్ల వచ్చేవి. నరం వాచిందో లేదో తెలుసుకోవడానికి డాక్టర్లు తరతరాలుగా వేళ్లతో తడిమి చూస్తున్నారు. మోచేయి వెనక, మోకాలి బయటివైపు, చీలమండ దగ్గర, మెడ పక్కన. ఆరోగ్య కేంద్రాల్లో ఈ రోజుకీ ఇదే పద్ధతి. అనుభవం ఉన్న చెయ్యి చాలానే పట్టుకుంటుంది. కానీ 'కాస్త లావుంది' అనే మాట ఒక్కో చేతికి ఒక్కోలా ఉంటుంది.

దీన్ని స్కానింగ్‌తో పరీక్షించిన తొలి పరిశోధనల్లో ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. డాక్టర్ సుమన్ జైన్, నెదర్లాండ్స్ న్యూరాలజిస్ట్ ఎల్.హెచ్. విస్సర్ తదితరుల బృందం 20 మంది కుష్ఠు రోగులను, 30 మంది ఆరోగ్యవంతులను తీసుకుని చేతులు, కాళ్ల నరాలను అల్ట్రాసౌండ్‌తో కొలిచింది. 2009లో ఫలితాలు వచ్చాయి. రోగుల నరాలు ఆరోగ్యవంతుల నరాల కంటే స్పష్టంగా లావుగా ఉన్నాయి. రియాక్షన్ అనే మంట దశలో ఉన్నవాళ్ల నరాల్లోకి రక్తప్రవాహం పెరిగినట్టు డాప్లర్‌లో కనిపించింది. ఇంకో ముఖ్యమైన విషయం.. చేతితో తడిమి ఇచ్చిన గ్రేడ్‌కూ, స్కానింగ్ చూపించిన సైజుకూ పొంతన బలహీనంగానే కుదిరింది.

గమనించాల్సింది ఆ 30 మందిని. వాళ్లకు ఏ జబ్బూ లేదు, స్కానింగ్ అవసరమూ లేదు. కానీ వాళ్లు వచ్చి చెయ్యి చాపకపోతే ఆ 20 మంది నరాలు 'లావు' అని చెప్పడానికి కొలబద్దే ఉండేది కాదు.

కుష్ఠులో అల్నార్ నరం మోచేయికి కొన్ని సెంటీమీటర్ల పైన ఎక్కువగా ఉబ్బుతుంది. మోచేయి ఆనించి కూర్చునే అలవాటు వల్ల నలిగే నరం సరిగ్గా మోచేయి దగ్గరే వాస్తుంది. రెండిట్లోనూ చిటికెన వేలే తిమ్మిరెక్కుతుంది. కానీ ఒకరికి కావాల్సింది అలవాటు మార్పు, మరొకరికి కావాల్సింది ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇచ్చే బహుళ ఔషధ చికిత్స. నరం దెబ్బ తగిలి ఆరు నెలలు దాటకముందే స్టెరాయిడ్ మందులు మొదలుపెడితే బలం, స్పర్శ తిరిగొచ్చే అవకాశం మెరుగ్గా ఉంటుంది. ఆలస్యమైతే కొంకర వేళ్లు అలాగే ఉండిపోతాయి. ప్రోబ్‌ను మోచేయి దగ్గరే ఆపేశారా, ఇంకో నాలుగు వేళ్లు పైకి జరిపారా అన్నదానికి ఇంత తేడా ఉంది.

మిగతా జబ్బుల్లో కూడా వాపు తీరు వేరువేరుగా ఉంటుంది. వంశపారంపర్యంగా వచ్చే షార్కో మేరీ టూత్ వ్యాధిలో ఒక రకంలో నరాలు ఒళ్లంతా ఒకేలా రెండు మూడు రెట్లు లావవుతాయి. సీఐడీపీ అనే జబ్బులో అక్కడక్కడా ముడులు వేసినట్టు ఉబ్బుతాయి. షుగర్ ఉన్నవాళ్లలో కొద్దిగా పెరుగుతాయి, అది ఆరోగ్యవంతుల హద్దు పక్కనే ఉంటుంది కాబట్టి చెప్పడం కష్టం.

కరెంట్ టెస్ట్ ఉండగా ఇదెందుకు?

నరాల్లో కరెంట్ ఎంత వేగంగా పారుతోందో చూసే నెర్వ్ కండక్షన్ టెస్ట్ ఎప్పటి నుంచో ఉంది. చిన్న చిన్న షాకులు ఇస్తారు కాబట్టి చాలామంది దాన్ని తలచుకుంటేనే జంకుతారు. అయితే స్కానింగ్ దానికి బదులు కాదు. కరెంట్ టెస్ట్ నరం ఎలా పనిచేస్తోందో చెబుతుంది, స్కానింగ్ అది ఎలా ఉందో చూపిస్తుంది. రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిందని మొదటిది చెబితే, ఎక్కడ, ఏ లారీ అడ్డం పడిందో రెండోది చూపిస్తుంది. మణికట్టులో నరం పక్కన గడ్డ ఏదైనా ఉంటే కరెంట్ టెస్ట్‌కు అది కనిపించదు. 2012లో అమెరికా న్యూరోమస్క్యులర్ వైద్యుల సంఘం కార్పల్ టన్నెల్ నిర్ధారణలో మణికట్టు దగ్గర నరం వైశాల్యం కొలత కచ్చితమైనదేనని గైడ్‌లైన్ ఇచ్చింది. అంకె పెద్దది అయినంత మాత్రాన బాధ పెద్దదని కాదు. మరీ తీవ్రమైన నొప్పి ఉన్నవాళ్లలో 12 ఉండొచ్చు, పెద్దగా ఇబ్బంది లేనివాళ్లలో 15 ఉండొచ్చు.

మన దేశంలో మరో అడ్డంకి ఉంది. ఆడపిల్లల భ్రూణహత్యలను ఆపడానికి 1994లో తెచ్చిన పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం అల్ట్రాసౌండ్ మెషిన్ ఎక్కడున్నా రిజిస్టర్ చేయించాలి. మణికట్టు తప్ప ఇంకేం చూడని మెషిన్‌కూ అదే రూల్. చట్టం అవసరాన్ని ఎవరూ కాదనరు, ఆ లింగనిర్ధారణ స్కాన్ల వల్ల జరిగిన నష్టం అంత పెద్దది. కానీ దాని ఫలితంగా న్యూరాలజిస్ట్ తన గదిలో, కుష్ఠు కార్యకర్త తన క్యాంపులో చిన్న పోర్టబుల్ మెషిన్ పెట్టుకోవడం అంత తేలిక కాదు. రోగి వేరే స్కానింగ్ సెంటర్‌కు వెళ్లాలి. అక్కడ నరాలు కొలిచే అలవాటు ఉన్నవాళ్లు ఉంటే సరే, లేకపోతే 'నార్మల్' అనే ఒక్క మాటతో కాగితం చేతికొస్తుంది.

అలాంటి కాగితం చేతికొస్తే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నరం పేరు పక్కన ఎక్కడ కొలిచారో రాశారా? అంకె ఇచ్చారా, ఉత్త 'వాపు ఉంది' అని రాసి వదిలేశారా? రెండో చెయ్యిని, అదే నరాన్ని ఇంకో చోట కొలిచి పోల్చారా? ఏ హద్దును నార్మల్‌గా తీసుకున్నారు? ఇవి లేకపోతే స్కానింగ్ చేసిన డాక్టర్‌నే అడగొచ్చు. ముంజేతిలో ఇంకో కొలత తీసుకోవడానికి పట్టే సమయం రెండు నిమిషాలు.